డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

కరీంనగరము చుట్టుప్రక్కల పల్లెలలో పెరిగినవారికి బోదకాలునుగూర్చి మేము క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. కాలు స్తంభమువలె వాచి, నడువలేక, అరుగుమీదనే దినములు గడపిన వృద్ధుల నెందరినో మనము చూచియున్నాము. రాత్రివేళ ఆరోగ్యశాఖవారు వాడలోనికి వచ్చి, వ్రేలికొనను సూదితో గ్రుచ్చి, రక్తపుబొట్టును గాజుపలకపై తీసికొని పోవుటయు మన పిల్లలు ఎరుగుదురు. పగలు రాక రాత్రియే ఏల వత్తురని వారు అడుగుచుందురు. ఆ వ్యాధిని కలిగించు క్రిముల పిల్లలు పగటివేళ దేహములోపలి నాళములలో దాగియుండి, దోమలు కుట్టువేళకు చర్మము క్రింది రక్తములోనికి వచ్చును. కనుకనే పరీక్షకు రాత్రి తగిన వేళ యైనది.

2004 వ సంవత్సరమునుండి మన దేశమున ఈ వ్యాధిగల జిల్లాలలో ఇంటింటికి పంచబడుచు వచ్చిన మాత్రలలో ముఖ్యమైనది డై ఇథైల్ కార్బమజైను అనునది. పేరు పొడుగగుటచే డి.ఇ.సి. అని పిలుతురు. వాచిన కాలును అది తిరిగి సన్నము చేయజాలదు. కాని రక్తములోని క్రిమిపిల్లలను చంపి, వ్యాధి ఒకరినుండి యొకరికి ప్రాకకుండ చేయును. ఆ మాత్ర 1947 లో అమెరికాదేశమున, న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ అను ఊరి పరిశోధనాలయమునుండి వెలువడెను. ఆ పరిశోధనాలయమునకు అప్పటి అధిపతి యొక తెలుగువాడు. మాత్ర మ్రింగిన వారిలో ఆయన పేరు విన్నవారు బహు కొద్దిమంది. ఈ సంవత్సరము మా పత్రికలో ఆయన జీవితమును వ్రాయ సంకల్పించితిమి.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. సంసారము పెద్దది, ఆదాయము చిన్నది. బాలునకు మొదట చదువుపై మనసు నిలువలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పారిపోగా, త్రోవలోనే పట్టుకొని వెనుకకు తెచ్చిరని చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. నిరుడు పరీక్ష తప్పిన పిల్లల తలిదండ్రులు ఈ వాక్యమును మరియొకసారి చదువుకొనవచ్చును.

మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు ముగించిన పిమ్మట ఆయనకు సన్న్యాసముపై కోరిక కలిగెను. తల్లి ససేమిరా అంగీకరింపలేదు. రామకృష్ణ మిషనువారును, వైద్యము నేర్చి లోకసేవ చేయవచ్చునని నచ్చజెప్పిరట. అట్లు మదరాసు వైద్యకళాశాలలో చేరిరి. జీతములకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును సాయపడిరి. అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచుండిన దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగృహమునకు ఖద్దరు అంగీ తొడిగికొని వెళ్లిరి. శస్త్రవైద్యాచార్యులైన బ్రాడ్‌ఫీల్డుదొరగారికి అది నచ్చలేదు. కడకు సుబ్బారావుగారికి ఎం.బి.బి.యస్. పట్టము రాక, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. ఒక ముతకబట్ట ఒక మనుష్యుని త్రోవను ఎంత దూరము త్రిప్పగలదో చూడుడు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. మదరాసులోని ఆయుర్వేదకళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి.

ఇంతలో ఆ కుటుంబముపై పెద్ద దెబ్బ పడెను. స్ప్రూ అను గ్రహణివ్యాధిచేత సుబ్బారావుగారి సోదరు లిరువురు కొద్దిదినముల వ్యవధిలో మరణించిరి. ఆ వ్యాధిలో తిన్న ఆహారము ఒంటబట్టదు. మనిషి రక్తము క్షీణించి, ఎండిన కట్టెవలె అగును. అదే వ్యాధి సుబ్బారావుగారిని సైతము పట్టుకొనెను. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచేత ఆయన బ్రతికిరి. ఈ వ్యాధికి మూలమేమి, మందేమి అను ప్రశ్న అప్పటినుండి ఆయనను విడువలేదు. ఇరువదియేండ్ల పైచిలుకు గడచిన పిమ్మట దానికి జవాబు ఆయన పరిశోధనాలయమునుండియే వచ్చెను గాని, ఆ కథకు ఇంకను కొంత దారి యున్నది.

మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరుగారి ధర్మసంస్థయు ధనసాయము చేయగా, సుబ్బారావుగారు ఓడ యెక్కి 1922 అక్టోబరు 26 వ తేదీన బోస్టను నగరము చేరిరి. భార్యను స్వదేశముననే విడిచి వెళ్లిరి. కొద్ది సంవత్సరములలో తిరిగివత్తుననియే ఆయన తలంపు. తిరిగి రానేలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయములో ఉష్ణదేశవైద్యము చదువుటకు చేరిరి. కాని చేతిలోని ధనము చాలదు. పీటర్ బెంట్ బ్రిగామ్ అను పెద్ద ఆస్పత్రిలో రాత్రిపూట సేవకుని పని దొరకెను. రోగుల మలమూత్రపాత్రలు ఎత్తి కడుగుటయే ఆ పని. భీమవరము బ్రాహ్మణకుటుంబములో పుట్టి, వైద్యపట్టము గడించి, ఆ పనికి ఒడబడిన యువకుని మేము మనసార మెచ్చుకొందుము. ఆ ఆస్పత్రి పేరును చదువరులు జ్ఞాపకముంచుకొందురుగాక. మరల దానితో పని పడును.

ఉష్ణదేశవైద్యములో డిప్లొమా పొందిన తరువాత ఆయన రసాయనమువైపు తిరిగిరి. హార్వర్డులో జీవరసాయనశాస్త్రమునకు ఆచార్యులైన ఆటో ఫోలిను గారి విభాగమున, సైరసు ఫిస్కె గారితో కలిసి పనిచేయసాగిరి. 1925 లో వీరిరువురును రక్తములోను మూత్రములోను గల భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. ద్రావణములో భాస్వరమెంత యుండునో అంత గాఢముగ నీలివర్ణము తేలును. ఆ వర్ణమును పోల్చి చూచి పరిమాణము నిర్ణయింతురు. ఫిస్కె, సుబ్బారావుల పేరుతోనే ఆ పద్ధతి లోకమంతట పాఠ్యపుస్తకములకెక్కెను.

ఆ సాధనము చేతికి వచ్చిన తరువాత వారు కండరములను పరిశీలించిరి. 1927 లో ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును, 1929 లో అడినొసీను ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. రెండవదానిని అదే సంవత్సరము జర్మనీదేశములో లోమాను అను శాస్త్రజ్ఞుడు వేరుగ కనుగొనెను. నేడు ఎ.టి.పి. అని ఉన్నతపాఠశాల విద్యార్థులకు సైతము తెలిసిన పదార్థ మిదియే. కండరము ముడుచుకొనుటకు శక్తి నిచ్చునది ఎ.టి.పి.; అది తరుగగానే మరల నింపునది ఫాస్ఫోక్రియేటిను. రాత్రింబవళ్లు విశ్రాంతి లేక ముడుచుకొనుచుండు గుండెకు ఇవి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. గుండెకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోయిన కొద్ది నిమిషములలోనే అచ్చటి ఫాస్ఫోక్రియేటిను అడుగంటును. ఆ మాట మేమిచ్చట ఊరక చెప్పలేదు.

1930 లో ఆయనకు పి.హెచ్.డి. పట్టము వచ్చెను. తరువాతి పదియేండ్లు హార్వర్డులోనే పనిచేసినను అచ్చట ఆయనకు స్థిరమైన ఉద్యోగము దక్కలేదు. అమెరికాచట్టము 1946 వరకు మన దేశస్థులకు పౌరసత్వము నీయనొల్లలేదు. 1940 లో ఆయన హార్వర్డును విడిచి, పెరల్ రివరులోని లెడర్లీ లేబరేటరీసు అను మందులసంస్థలో చేరి, పరిశోధనలకు అధిపతియైరి. అప్పటికి వయస్సు నలువదియైదు. ఇక మిగిలిన ఆయుర్దాయము ఎనిమిదేండ్లు మాత్రమే. మనము నేటికిని వాడుచున్న ఆయన మందులన్నియు ఆ యెనిమిదేండ్లలోనివే.

మొదటిది ఫోలికు ఆమ్లము. కాలేయమునందును ఆకుకూరలయందును స్వల్పముగ నుండు ఈ విటమినును ఆయన కూటమివారు శుద్ధముచేసి, దాని నిర్మాణమును తెలిసికొని, 1945 లో కృత్రిమముగ తయారుచేసిరి. స్ప్రూ రోగులకు అది ఇచ్చి చూడగా వారి రక్తము తిరిగి పట్టెను. సోదరులను చంపిన వ్యాధికి మందు దొరకెను. నేడు గర్భిణీస్త్రీలకు మన ఆరోగ్యకేంద్రములలో ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలో నున్నది ఈ ఫోలికు ఆమ్లమే.

రెండవది మొదట చెప్పిన డి.ఇ.సి. యుద్ధకాలమున పసిఫిక్ ద్వీపములలో అమెరికా సైనికులకు బోదకాలుక్రిమి సోకుటచే దానికి మందు వెదుకవలసివచ్చెను. పత్తియెలుకలనబడు జంతువులలో అట్టి క్రిములనే పెంచి, వందలకొలది రసాయనములను వానిపై పరీక్షించి, హ్యూయిట్టు మొదలగు శాస్త్రజ్ఞులు దీనిని తేల్చిరి. 1948 లో డగ్గరు అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞునిచేత ఆరియోమైసిను వెలువడినదియు ఈ పరిశోధనాలయముననే.

మూడవది మా కథకు ముఖ్యమైనది. బోస్టనులోని పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపుక్యాన్సరుతో చనిపోవు పసివాండ్రకు ఏమియు చేయలేక చూచుచుండెను. ఫోలికు ఆమ్లమును పోలిన పదార్థము లిచ్చినప్పుడు ఆ వ్యాధి తగ్గుటకు బదులు హెచ్చినట్లు ఆయనకు తోచెను. అట్లయినచో ఫోలికు ఆమ్లమునకు శత్రువును తయారుచేసి ఇచ్చిన నేమి? సుబ్బారావుగారి రసాయనజ్ఞులు ఫోలికు ఆమ్లము ఆకారమును కొద్దిగ మార్చి, చూచుటకు అదేవలె నుండి, పనిలో దానికి అడ్డుతగులు పదార్థములను తయారుచేసిరి. అందొకటి అమినొప్టెరిను. దానిని 1947 చివరనుండి ఫార్బరుగారు పిల్లల కిచ్చిరి. 1948 జూనులో ప్రకటించిన వ్యాసములో పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము వ్యాధి వెనుకపట్టినట్లు వ్రాసిరి. ఆ గుణము నిలువలేదు. అయినను ఆ వ్యాధి మందునకు లొంగుననుట అదే మొదలు. దాని తోబుట్టువు, దానికంటె అపాయము తక్కువైనది, మెతోట్రెక్సేటు.

ఆ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టు నెలలో, సుబ్బారావుగారు అమెరికాలోనే గుండెపోటుచే హఠాత్తుగ మరణించిరి. వయస్సు 53. నూతనముగ స్వతంత్రమైన స్వదేశమును చూడనే లేదు. ఆయన పేర మన ప్రభుత్వమువారు తపాలాబిళ్లను వేసినది 1995 లో, శతజయంతి సంవత్సరమున.

ఆ 53 అను సంఖ్యను మేము ఊరక దాటిపోజాలము. 2007 లో ప్రకటింపబడిన యొక పెద్ద అంతర్జాతీయ పరిశోధనలో, దక్షిణాసియా దేశములవారికి మొదటి గుండెపోటు వచ్చు సగటు వయస్సు 53 ఏండ్లనియు, ఇతరదేశములవారికి సుమారు 59 అనియు తేలెను. సుబ్బారావుగారు ఆ లెక్కకు సరిగా సరిపోయిరి. మన వాడకట్టులలోను ఏబది దాటీదాటని గృహస్థుడు ప్రొద్దున పొలమునకు పోయి మధ్యాహ్నమునకు శవమై వచ్చిన ఇండ్లు లేకపోలేదు. ముందటిదినము అతడు బాగుగనే యుండెను గదా యని అందరును ఆశ్చర్యపడుదురు. బాగుగ నున్నవాడు అట్లెట్లు పడిపోవును?

సుబ్బారావుగారి కాలమున వైద్యులు చాలమంది గుండెనాళమును నీటిగొట్టమువలె భావించిరి. గొట్టములో మురికి పేరుకొని పేరుకొని తుదకు మూసికొనిపోవునని వారి యూహ. 1913 లోనే రష్యాలో అనిచ్కోవు అను శాస్త్రజ్ఞుడు కుందేళ్లకు కొలెస్టరాలు మేపి వాని ధమనులలో కొవ్వుపూతలు పుట్టించెను. కాని అంతకు చాల ముందే, 19 వ శతాబ్దిమధ్యమున, జర్మనీలోని విర్కో మహాశయుడు ఆ పూతలో శోథలక్షణములున్నవని గ్రహించియుండెను. శోథమనగా దెబ్బతగిలినచోట, పుండుపడినచోట కలుగు ఎరుపు, వేడి, వాపు, నొప్పి. కురుపు లేచినప్పుడు దేహము తన రక్షకభటులైన తెల్లరక్తకణములను అచ్చటికి పంపుటచే కలుగు కల్లోలమే అది. విర్కోగారి మాట నూరేండ్లకు పైగా మూలబడి యుండెను.

ధమని లోగోడపొర క్రిందికి కొలెస్టరాలును మోయు రేణువులు దూరి అచ్చట పాడగును. దానిని తొలగించుటకు తెల్లకణములు గోడలోనికి చొచ్చి, ఆ కొవ్వును మ్రింగి, మ్రింగి, ఉబ్బి, అచ్చటనే చచ్చును. చచ్చిన కణములును కొవ్వును కలిసి మెత్తని బురదవంటి గర్భమగును. దేహము దానిపై కొల్లాజెను అను గట్టి నారలతో నొక కప్పు వేయును. గర్భమును కప్పును కలిపి వైద్యులు ఫలకమందురు.

చెరువుకట్టల నడుమ పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఇది తెలియుట సుళువు. చెరువు తెగుట దాని పెద్దతనముచేత కాదు, కట్ట బలహీనతచేత. నిండుకుండవంటి పెద్ద చెరువు గట్టికట్టతో నూరేండ్లు నిలుచును. చిన్నకుంట కట్టకు ఎండ్రకాయలు బొరియలు చేసి బుంగపడినచో ఒక్కరాత్రిలో ఊరు మునుగును. ఫలకమునందును అట్లే. శోథము ఆరక రగులుచున్నచోట, తెల్లకణములు కొల్లాజెనునే అరగించు ద్రవములను వదలును. కట్టను తొలుచు ఎండ్రకాయ లివియే. కట్టను ఎప్పటికప్పుడు పూడ్చు నీరటివాండ్రవంటివి ధమనిగోడలోని కండకణములు. కొల్లాజెనును నేయునవి అవి. కాని టి కణములనబడు మరియొక జాతి తెల్లకణములు ఇంటర్‌ఫెరాను గామా అను పదార్థమును విడిచి ఆ నీరటివాండ్ర చేతులు కట్టివేయును. ఒకవైపు త్రవ్వుట, మరియొకవైపు పూడ్చుట లేకుండుట. కప్పు క్రమముగ పలుచనై, 65 మైక్రానులకు, అనగా మిల్లీమీటరులో సుమారు పదునైదవ వంతునకు, లోబడినప్పుడు మిక్కిలి అపాయకరమని శవపరీక్షలవలన తెలిసినది.

ఆ కప్పు పగులగానే లోపలి బురద రక్తమునకు తగులును. వెంటనే రక్తము గడ్డకట్టి నాళమును మూయును. గుండెపోట్లలో ఎక్కువపాలు ఇట్లే వచ్చును. కప్పు పగులకయే పైపొర ఒరిసిపోయి గడ్డకట్టునవియు కొన్ని కలవు. పగిలిన ఫలకము అంతకుముందు నాళమును సగమైనను మూయనిదై యుండుట తరచు. అందుచేతనే ముందటిదినమువరకు ఆ గృహస్థునకు ఆయాసమును లేదు, నొప్పియు లేదు. ఆదిలాబాదు అడవుల తునికాకు, కోరుట్ల, సిరిసిల్ల స్త్రీల చేతులలో బీడీలై మన జీవనాధారమగుచున్నను, దాని పొగ ఈ శోథమును రగిలించువానిలో ముఖ్యమైనదని చెప్పక తప్పదు. సుబ్బారావుగారి ధమనులలో ఏమి జరిగెనో మేము చెప్పబూనము. ఆ యేండ్లలో జీవించియున్న మనుష్యుని ధమనులలో దానిని చూచు ఉపాయము వాడుకకు రాలేదు.

ఇప్పుడు మరల మెతోట్రెక్సేటునకు వత్తము. 1951 లోనే వైద్యులు ఈ జాతి మందులు క్యాన్సరునకే గాక కీళ్లవాతమునకును సోరియాసిసు అను చర్మవ్యాధికిని పనిచేయుటను గమనించిరి. 1980 తరువాతి సంవత్సరములలో, చాల తక్కువ మోతాదులో, వారమున కొక్కసారి మాత్రమే ఇచ్చు పద్ధతి కీళ్లవాతమునకు స్థిరపడెను. వారమున కొక్కసారి యనుటను పెద్దలు జాగ్రత్తగ గమనింపవలెను. పొరబాటున ప్రతిదినము మ్రింగి ప్రాణాపాయము తెచ్చుకొన్నవారు అన్ని దేశములలోను కలరు. తక్కువ మోతాదులో ఇది శోథము నణచుటకు ముఖ్యకారణము, కణములచుట్టు అడినొసీనును పెంచుటయేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఎ.టి.పి. నుండి భాస్వరమంతయు విడిపోగా మిగులునదే అడినొసీను. 1929 లో కనుగొన్న పదార్థపు శకలమే, ఇరువదియేండ్ల తరువాత తాను తయారుచేయించిన మందునకు బలమగునని సుబ్బారావుగారు ఊహించియుండరు.

కీళ్లవాతమునకు ఈ మాత్రలు తినువారిలో గుండెపోట్లు కొంత తక్కువగ కనబడినవని కొందరు వైద్యులు వ్రాసిరి. ఫలకము పగులుటకు శోథమే కారణమైనచో, శోథము నణచు ఈ చౌకమందు గుండెను కాపాడదా అను ప్రశ్న లేచెను. దీనిని తేల్చుటకు పూనుకొన్నవారు బోస్టనులోని పాల్ రిడ్కరుగారు. ఆయన పనిచేయు ఆస్పత్రి బ్రిగామ్ అండ్ విమెన్సు. సుబ్బారావుగారు రాత్రులు పాత్రలు కడిగిన పీటర్ బెంట్ బ్రిగామ్ ఆస్పత్రి 1980 లో మరికొన్నిటితో కలిసి ఈ పేరు పొందినది.

రిడ్కరుగారు ముందుగా మరియొక మందుతో 10,061 మందిపై పరీక్ష జరిపిరి. వారందరును ఒకమారు గుండెపోటు వచ్చినవారు, రక్తములో సి.ఆర్.పి. అను శోథచిహ్నము హెచ్చుగ గలవారు. కనకినుమాబు అను ఆ మందు ఇంటర్‌ల్యూకిను 1 బీటా అను ఒక్క శోథదూతను మాత్రమే పట్టుకొని ఆపును, కొలెస్టరాలును తాకదు. 2017 లో ఫలితములు వెలువడెను. మూడునెలల కొకసారి 150 మిల్లీగ్రాముల సూదిమందు పొందినవారిలో గుండెపోటు, పక్షవాతము, హృద్రోగమరణములు కలిపి నూటికి 15 వంతులు తగ్గెను. కొలెస్టరాలు తగ్గకయే శోథము తగ్గుటచేత గుండె కాపాడబడుననుటకు మనుష్యులలో దొరకిన మొదటి గట్టి సాక్ష్యమది. విర్కోగారి మాట నిలిచెను. అయినను ఆ మందు విపరీతమైన వెల గలది. దానిని పొందినవారిలో అంటువ్యాధులచే మరణించినవారును కొంత హెచ్చిరి. గుండెజబ్బునకు అది వాడుకలోనికి రాలేదు.

ఇక మిగిలినది చౌకమందు. 4,786 మంది రోగులకు, సగమువరకు మెతోట్రెక్సేటును వారమునకు 15 మొదలు 20 మిల్లీగ్రాముల వంతునను, మిగిలినవారికి ఉత్తమాత్రలను ఇచ్చిరి. రెండేండ్లకు పైగా చూచిరి. గుండెపోట్లలో భేదమేమియు కనబడకుండుటచే 2018 లో పరీక్షను ముందుగనే నిలిపివేసిరి. ఫలితములు 2019 లో అచ్చైనవి. సుబ్బారావుగారి మందు, ఆయనను తీసికొనిపోయిన వ్యాధిని ఆపజాలకపోయెను.

ఏల ఆపలేదు? ఇచ్చటనే మాకు ఈ కథలో మిక్కిలి ఆసక్తి కలిగినది. మెతోట్రెక్సేటు కీళ్లలోని శోథమును తగ్గించును గాని, ఈ రోగుల రక్తములో ఇంటర్‌ల్యూకిను 1 ని గాని, ఇంటర్‌ల్యూకిను 6 ను గాని, సి.ఆర్.పి. ని గాని ఏమాత్రము తగ్గించలేదు. శోథమనునది ఒకే మంట కాదు; దానికి మార్గములు వేరువేరు. ధమనిగోడలో పేరుకొన్న కొలెస్టరాలు స్ఫటికములు తెల్లకణములను రెచ్చగొట్టి మొదట ఇంటర్‌ల్యూకిను 1 ని పుట్టించును. దానినుండి 6, దానినుండి సి.ఆర్.పి. ఆ త్రోవను కట్టినదే ఫలకమునకు పనికివచ్చునది. ఓటమియైనను ఈ పరీక్ష ఆ త్రోవను స్పష్టముగ చూపెను. మందు పనిచేయలేదని తెలిసికొనుటకు అయిదువేలమందికి దగ్గరగా రోగులు ముందునకు వచ్చిరనుటను మరువరాదు.

తరువాత వైద్యులు కోల్చిసిను అను ప్రాతమందును చేపట్టిరి. ఇది మన అడవులలో వర్షకాలమున ఎరుపు పసుపు కలిసిన జ్వాలవంటి పూలు పూయు అడవినాభి తీగెలోను కలదు. ఆ దుంప ప్రాణాంతకమైన విషము. దానిని ఎవ్వరును నోట పెట్టరాదు. శుద్ధిచేసిన మందును దినమునకు అర మిల్లీగ్రాము మాత్రమే ఇచ్చి చూచిరి. 2019 లో 4,745 మంది క్రొత్తగ గుండెపోటు వచ్చినవారిలో అపాయములు నూటికి 23 వంతులును, 2020 లో 5,522 మంది ప్రాతరోగులలో 31 వంతులును తగ్గినట్లు తేలెను. 2023 లో అమెరికా ప్రభుత్వమువారు గుండెరోగులకు దీనిని అంగీకరించిరి. 2024 లో 7,062 మందిపై జరిగిన అంతకంటె పెద్ద పరీక్షలో ఏ మేలును కనబడలేదు. ఏ రోగికి ఏ దశలో ఇచ్చినచో కట్ట నిలుచును, ఎవరికి నిష్ప్రయోజనము అను విషయమై వైద్యులలో వాదము నడచుచున్నది. కొలెస్టరాలును తగ్గించి, శోథమును కొంత చల్లార్చి, కప్పును దట్టముచేయు స్టాటిను మాత్రలు మాత్రము మన జిల్లా ఆస్పత్రులలో దొరకును.